మా చెరువు మకాంలో కెర్నల్ కట్టిన వైనం

వీరవాసరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా వరి చేలు పోయి చెరువులు మొదలయ్యేచోట మా బాబాయిది రెండెకరాల వెనామీ రొయ్యల చెరువు. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆరు, గట్టు మీద రేకుల మకాం, దాని పక్కన డీజిల్ జనరేటర్. రొయ్యల రైతుకి అసలు గండం తెల్లవారుజామున. నీళ్లలో ఉండే ప్లాంక్టన్ పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయ్యేసరికి అదే పీల్చుకుంటుంది. కోడి కూసే వేళకి చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, కాపలా మనిషికి కునుకు పట్టి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే పొద్దున గట్టు వారన తేలిన రొయ్యలే కనిపిస్తాయి. కిందటి పంటలో ఒకసారి చూశాం. బాబాయి ఆ రోజు అన్నం ముట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నా ఇంజినీరింగ్ రోజుల నాటి రాస్ప్‌బెర్రీ పై బోర్డు, లైనక్స్ నడిచే అరచేతిలో పట్టే కంప్యూటర్. మొదటి తరం మోడల్ బి, 512 ఎంబీ మెమరీ. బీరువా అరలో పాత ఛార్జర్ల మధ్య పడి ఉంది. నీళ్ల వేడి చూడ్డానికి ఒక సెన్సర్, ఏరేటర్ల లైనులో కరెంటు ఉందో లేదో చెప్పే ఒక రిలే, కరెంటు పోతే బాబాయి ఫోను మోగించే చిన్న ప్రోగ్రాం. ఇంతే పని. మామూలు లైనక్స్ ఉన్న ఎస్‌డీ కార్డు వేసి పెడితే పని చేసింది కూడా. కానీ కరెంటు నుంచి జనరేటర్‌కి మారినప్పుడు ఒకసారి, తిరిగి కరెంటుకి మారినప్పుడు ఇంకోసారి బోర్డు ఆగి లేచేది. లేవడానికి నిమిషం దాటేది. ఆ నిమిషమే మనకి కావాల్సిన నిమిషం. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో అక్కర్లేనివన్నీ తీసేసి, సోర్సు కోడు నుంచి మన బోర్డుకి సరిపడా కట్టుకుంటే (కంపైల్ చేసుకుంటే) త్వరగా లేస్తుంది కదా అనుకున్నాను. పవర్ బ్యాంకు పెడితే పోయేదానికి ఇంత అవసరమా అని మీరడగొచ్చు. అవసరం సగం, చేతి దురద సగం. పవర్ బ్యాంకు కూడా తర్వాత పెట్టాను లెండి.

ఆ బోర్డు మీదే కెర్నల్ కట్టడం కుదిరే పని కాదు. ఒకే కోరు, 700 మెగాహెర్ట్‌జ్. రాత్రి పెడితే మర్నాడు సాయంత్రానికైనా అవుతుందన్న నమ్మకం లేదు. అందుకని సావిట్లో బల్ల మీద నా ఉబుంటు ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఇంటెల్ ప్రాసెసర్ మీద ఆర్మ్ ప్రాసెసర్‌కి కోడు తయారుచేసే క్రాస్ కంపైలర్ వేసుకున్నాను. దాంతోపాటు కెర్నల్ కట్టడానికి కావాల్సిన పనిముట్లు ఫ్లెక్స్, బైసన్, బీసీ, ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ డెవలప్‌మెంట్ ఫైళ్లు, మెనూ కనపడ్డానికి ఎన్‌కర్సెస్. కెర్నల్ సోర్సు మొత్తం చరిత్రతో దించుకోకుండా ఆఖరి పొర మాత్రమే తెచ్చుకున్నాను, 6.6 వెర్షన్.

మొదటి రోజు నాకు దొరికిన సూచనల్లోంచి కమాండ్లు ఎక్కించుకుంటూ పోయాను. డెఫ్‌కాన్ఫిగ్ (బోర్డుకి తగ్గ ఆప్షన్ల తయారు జాబితా) పేరు బీసీఎం2709, కట్టిన కెర్నల్ ఫైలు పేరు కెర్నల్7. గంటకి పైగా ల్యాప్‌టాప్ ఫ్యాను ఏరేటర్‌లా తిరిగింది. కార్డులోకి కాపీ చేసి బోర్డుకి కరెంటిస్తే గడగడా లేచి కూర్చుంది. పిన్నిని పిలిచి మరీ చూపించాను. పావుగంట పోయాక అనుమానమొచ్చి, నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చెప్పే యూనేమ్ కొడితే పాత 6.1 అని చెప్పింది. నేను కట్టింది 6.6 కదా. నా కెర్నల్ అసలు లేవనే లేదు, పాతదే లేచింది.

రాస్ప్‌బెర్రీ పై బోర్డులో లైనక్స్‌కి ముందు లేచే ఫర్మ్‌వేర్ తన చిప్పుని బట్టి ఫైలు వెతుక్కుంటుంది. మొదటి తరం బోర్డుకి కావాల్సింది కెర్నల్ డాట్ ఇమ్‌జీ. కెర్నల్7 అనేది పై 2, పై 3 బోర్డులకి. నా ఫైలుని అది చూడనైనా చూడలేదు. పేరే కదా తేడా అని, కెర్నల్7 పేరుని కెర్నల్‌గా మార్చి పెట్టాను. ఈసారి టీవీ తెర మీద రంగులు కలిసిపోయిన చదరం ఒకటి వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఫర్మ్‌వేర్ తన పని తను చేసేసి పగ్గాలు కెర్నల్‌కి ఇచ్చింది, కెర్నల్ నోరు విప్పలేదు.

పొరపాటు పేరులో లేదు, ప్రాసెసర్‌లో ఉంది. ఆ బోర్డులో ఉన్నది ఆర్మ్1176, అంటే ఆర్మ్ వీ6 తరం. బీసీఎం2709 డెఫ్‌కాన్ఫిగ్ కట్టేది వీ7 తరానికి. వీ7 ఆదేశాలు కొన్ని వీ6కి తెలియవు. రెండూ ఆర్మే కదా అంటే, రెండూ గోదావరే అని వశిష్ఠ పాయ రేవుకి గౌతమి పాయ లాంచీ కోసం కాచుకున్నట్టు ఉంటుంది.

సరైనది బీసీఎం ఆర్‌పీఐ డెఫ్‌కాన్ఫిగ్. అది పెట్టి, ఆప్షన్లు ఎంచుకునే మేక్ మెనూకాన్ఫిగ్ కొడితే నీలం తెర మీద బూడిద రంగు పెట్టె వస్తుంది. అందులో సిస్టమ్ టైప్‌లోకి వెళ్తే ఏ తరం ఆర్మ్‌కి కడుతున్నామో కనబడుతుంది: వీ6 ఆధారిత ప్లాట్‌ఫారాలు, వీ7 ఆధారిత ప్లాట్‌ఫారాలు. ముందే ఇక్కడికొచ్చి చూసుంటే ఒక రోజు మిగిలేది. కెర్నల్ ఆప్షన్లలో చేయి పెట్టే ముందు మన చిప్పు ఏ తరమో కాగితం మీద రాసుకోవాలని నాకు ఆ రోజు తెలిసింది. ప్రాక్ సీపీయూఇన్ఫో ఫైలు తెరిస్తే అది చెప్పేస్తుంది, రెండు నిమిషాల పని.

ఆ పెట్టెలో ప్రతి ఆప్షన్‌కీ మూడు దారులు. వై అంటే కెర్నల్ లోపలే కట్టేస్తుంది, ఎం అంటే విడిగా మాడ్యూల్‌గా కట్టి కావాల్సినప్పుడు ఎక్కిస్తుంది, ఎన్ అంటే లేనట్టే. కొన్నిటికి వై, ఎన్ మాత్రమే ఉంటాయి. మెమరీ 512 ఎంబీ కాబట్టి హై మెమరీ అక్కర్లేదు. ఒకే కోరు కాబట్టి సిమెట్రిక్ మల్టీ ప్రాసెసింగ్ అక్కర్లేదు. ఫ్లోటింగ్ పాయింట్‌కి, అంటే దశాంశాల లెక్కలకి, వీఎఫ్‌పీ మాత్రం ఉంచి తీరాలి, ఎందుకంటే ఈ బోర్డులో నడిచే లైనక్స్ రాస్ప్‌బియన్‌లో ప్రోగ్రాములన్నీ హార్డ్‌ఫ్లోట్‌తోనే (ఆ లెక్కలు చిప్పే చేస్తుందన్న నమ్మకంతో) కట్టినవి. ఇంతవరకు చిప్పు సంగతి, ఇది తేలికే. మిగతాది సముద్రం. టీవీ ట్యూనర్లు, జాయ్‌స్టిక్కులు, ఎప్పుడూ పేరు వినని ఫైల్‌సిస్టమ్‌లు.

ఇంటెల్ పీసీ అయితే ఇంత ఆలోచన ఉండదు. అక్కడ పీసీఐ బస్సులో ఏ కార్డు ఉందో అదే చెబుతుంది, కెర్నల్ అడిగి తెలుసుకుంటుంది. ఆర్మ్ బోర్డులో చాలా పరికరాలు నోరులేనివి. ఏ అడ్రసులో సీరియల్ పోర్టు ఉందో, ఏ పిన్నుకి ఏ లైను వెళ్లిందో రాసిన డివైస్ ట్రీ ఫైలు పక్కన పెట్టకపోతే కెర్నల్ చీకట్లో తడుముకుంటుంది. ఒకప్పుడు ఆ వివరాలన్నీ బోర్డుకొకటి చొప్పున సీ కోడులోనే రాసేవాళ్లు. ఆ గందరగోళం మీద 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా విసుక్కున్నాకే ఆర్మ్ వాళ్లు డివైస్ ట్రీ దారి పట్టారు. 2012 చివర్లో వచ్చిన 3.7 నుంచి ఒకే కెర్నల్ పలు కంపెనీల చిప్పుల మీద లేవడం మొదలైంది.

కోతకి ఒక దగ్గర దారి ఉంది, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్. బోర్డు మీద, ఎక్కి ఉన్న మాడ్యూళ్లు చూపే ఎల్ఎస్‌మాడ్ కొట్టి, ఆ జాబితా ల్యాప్‌టాప్‌కి తెచ్చి ఇస్తే, ప్రస్తుతం వాడుకలో లేని మాడ్యూళ్లన్నీ తనే తీసేస్తుంది. పొలంలో ఎద్దు మేసినంత శుభ్రంగా తీసేసింది. ఒకటే మర్చిపోయాను. జాబితా తీసిన పూట వేడి సెన్సర్ తగిలించి లేదు. ఆ సెన్సర్ ఒకే తీగ మీద మాట్లాడే పద్ధతి వన్‌వైర్, దాని డ్రైవర్లు కూడా పోయాయి. వన్‌వైర్ మెనూ, దాని కింద జీపీఐఓ మాస్టర్, థర్మల్ స్లేవ్ మూడూ వెతికి వెతికి తిరిగి పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున జరిగింది చెబితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందురాత్రి రెండు దాకా కూర్చుని సగానికి పైగా మెనూ దువ్వాను. పొద్దున కాఫీ తాగి, కొత్త టెర్మినల్ తెరిచి, మేక్ మెనూకాన్ఫిగ్ అన్నాను. పెట్టె వచ్చింది. ఏదో తేడాగా ఉంది, మొదటి వరసల్లోనే 64 బిట్ కెర్నల్ అని ఉంది. నిద్రమత్తులో అదేదో కొత్త ఆప్షన్ అనుకుని, సేవ్ చేసి బయటికొచ్చాను. మళ్లీ తెరిచి పైన శీర్షిక చదివితే లైనక్స్/ఎక్స్86 అని ఉంది, అంటే ఇంటెల్ పీసీల తరగతి.

ముందురోజు టెర్మినల్‌లో ఏ రకం ప్రాసెసర్‌కి కట్టాలో చెప్పే ఆర్క్ ఈక్వల్ టు ఆర్మ్ అని పెట్టుకున్నాను. టెర్మినల్ మూస్తే అదీ పోయింది. ఆర్క్ ఏదో చెప్పకపోతే తను నడుస్తున్న మెషీన్‌కే కడుతున్నాననుకుంటుంది కెర్నల్. అలా అనుకుని ఊరుకోదు, మన ఎంపికలు దాచే డాట్ కాన్ఫిగ్ ఫైల్లో ఆర్మ్‌వి అయిన ఎంపికలన్నీ ఎక్స్86కి అర్థం కానివని చెరిపేసి, వాటి స్థానంలో తనవి రాసేసుకుంటుంది. ఒక రాత్రి పని, ఒక్క ఎంటర్‌తో పోయింది. డాట్ కాన్ఫిగ్ డాట్ ఓల్డ్ అని వెనకటిది ఒకటి దాస్తుంది గానీ, నేను రెండోసారి కూడా సేవ్ కొట్టాను కాబట్టి అందులోనూ ఎక్స్86 కూర్చుంది.

ల్యాప్‌టాప్ మూత మీద తెల్ల కాగితం అంటించి స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసుకున్నాను: ఆర్క్ = ఆర్మ్. ఆ రోజు నుంచి సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టి, వచ్చే చిన్న ఫైలుని పాత కాపీలు పోకుండా దాచే గిట్‌లో పెట్టకుండా కుర్చీలోంచి లేవలేదు. డాట్ కాన్ఫిగ్ వేల వరసలుంటుంది, సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఇచ్చేది మనం మామూలు విలువల నుంచి మార్చినవే. చదవడానికీ హాయి.

రెండోసారి దువ్వుతూ ఉంటే తొందర పుట్టింది. సైజు తగ్గాలని కనిపించినదాని మీదల్లా ఎం నొక్కుకుంటూ పోయాను. కంపైల్ సగంలో కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇరవై నిమిషాలు కూడా నిలవదు, చూస్తుండగానే ఆరిపోయింది. కంపైల్ నడిపే మేక్‌లో మంచి గుణం, ఆగినచోట నుంచే మొదలెడుతుంది. అలాగే మొదలెట్టింది, చివర్లో ముక్కలన్నీ అతికే లింకు దగ్గర ఒక ఫైలు గుర్తుపట్టలేనంది. చూస్తే ఆ ఆబ్జెక్ట్ ఫైలు సైజు సున్నా. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్నది అదే కాబోలు, ఫైలు పేరు ఉంది కాబట్టి అయిపోయిందనుకుంది మేక్. అది చెరిపి మళ్లీ కొడితే ముగిసింది.

ఇక బోర్డు. ఈసారి టీవీని నమ్ముకోలేదు. యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తెచ్చుకున్నాను, 3.3 వోల్టుల రకం. 5 వోల్టులది పెడితే పిన్నులు కాలతాయి. బోర్డులో ఆరో పిన్ను గ్రౌండు, ఎనిమిది పంపేది, పది తీసుకునేది. కేబుల్‌లో పంపేది బోర్డులో తీసుకునేదానికి తగలాలి. వేగం 115200. ఇది పెట్టుకున్నాక కెర్నల్ తొలి మాట నుంచి వినబడుతుంది. అంతకు ముందు నేను చేసినదంతా గోడ అవతల మనిషితో సైగలే.

వరసలు జారిపోతూ జారిపోతూ ఒకచోట ఆగాయి. కెర్నల్ ప్యానిక్, నాట్ సింకింగ్, రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చెయ్యలేకపోయాను, అన్‌నోన్ బ్లాక్ 179 కామా 2. మా బాబాయి అప్పుడే భీమవరం నుంచి మేత బస్తాలు దింపించి లోపలికొచ్చాడు.

"ప్యానిక్ అని రాసిందేంట్రా? ఏమైనా కాలిందా?"

"లేదు బాబాయ్, దానికి ఇల్లు దొరకలేదంట."

అక్కడ కూర్చుని ఆ రెండంకెలూ చదివాను. 179 అంటే కెర్నల్ లెక్కలో ఎంఎంసీ కార్డు తరగతి, 2 అంటే అందులో రెండో భాగం. సున్నా కామా సున్నా అని వచ్చుంటే కార్డే కనపడలేదని అర్థం. ఇక్కడ కార్డు కనబడింది, రెండో భాగమూ కనబడింది, అందులో ఏ భాషలో రాసుందో తెలియడం లేదు. ఆ భాష ఎక్స్‌టీ4, కార్డులో ఫైళ్లు సర్దే పద్ధతి; దాన్ని నేను ఎం చేసేశాను. ఎక్స్‌టీ4 మాడ్యూల్ ఎక్కడుంది? ఎక్స్‌టీ4 కార్డులోనే ఉంది. తాళం చెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు. పీసీల్లో అయితే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని చిన్న సంచీలో ఆ చెవి ముందే అందిస్తారు, నా కార్డులో అది లేదు. రూట్ భాగం తెరవడానికి కావాల్సినవి వై అయి తీరాలి: ఎస్‌డీ కార్డు డ్రైవరు, ఎక్స్‌టీ4.

దాన్ని సరిచేస్తే లాగిన్ దాకా వచ్చింది. ఆనందం అయిదు నిమిషాలు. నెట్‌వర్క్ లేదు. ఈథర్నెట్ కేబుల్ గుచ్చి ఉంది, లైట్లు వెలగడం లేదు, ఐపీ కమాండులో ఈథర్నెట్‌ని చూపే ఈటీహెచ్0 అన్న పేరే లేదు. ఈథర్నెట్ డ్రైవర్ని నేను ముట్టుకోలేదే అని మెనూలో వెతికితే, ఆ డ్రైవర్ పేరే కనిపించడం లేదు. ఎన్ అని ఉండడం కాదు, ఆ వరసే లేదు.

బాబాయి వెనకాల నిలబడి చూస్తున్నాడు. నేను విసుక్కుంటూ, నిన్న ఇక్కడ ఉన్నది ఇవాళ ఎలా మాయమవుతుందని సణుగుతున్నాను. ఆయనకి కంప్యూటర్ తెలియదు గానీ కాలువ తెలుసు. చెరువుల్లోకి రాకముందు ఇరవై ఏళ్లు శివారు చేలో వరి వేశాడు.

"విజ్జేశ్వరంలో స్లూయిస్ మూసుంటే మన బోదెలో నీళ్లేవీ అని మన చేను గట్టు మీద నిలబడి అరిస్తే వస్తాయేంట్రా? పైన ఏ లాకు దించారో చూసుకో."

నిజంగానే అదే సంగతి. మెనూలో స్లాష్ నొక్కి డ్రైవర్ పేరు వెతికితే, అది దేని మీద ఆధారపడిందో డిపెండ్స్ ఆన్ అని వరసగా చెబుతుంది. పైకి పైకి పోతే యూఎస్‌బీ సపోర్టు దగ్గర ఆగింది. చెరువు గట్టు మీద కీబోర్డు ఎవడు పెడతాడని యూఎస్‌బీ మొత్తం నేనే తీసేశాను. మోడల్ బి బోర్డులో ఈథర్నెట్ చిప్పు వేలాడేది యూఎస్‌బీ మీదే. ఎల్‌ఏఎన్9512 అని ఒకే చిప్పు, అందులోనే రెండు యూఎస్‌బీ పోర్టులు, ఈథర్నెట్ కూడా, ప్రాసెసర్‌కి వెళ్లేది ఒకే యూఎస్‌బీ దారి. బయట నుంచి చూస్తే వేరే సాకెట్టు కాబట్టి వేరే దారి అనుకున్నాను. యూఎస్‌బీ పెట్టగానే దాని కింద నెట్‌వర్క్ అడాప్టర్ల వరసలన్నీ పైకి తేలాయి. ఆ చిప్పు డ్రైవర్ ఎస్‌ఎంఎస్‌సీ95ఎక్స్ఎక్స్‌కి వై కొట్టాను, లైటు వెలిగింది.

కెర్నల్ అయింది, అలారం ప్రోగ్రాం మిగిలింది. సీలో రాసింది, రెండొందల వరసలు. కెర్నల్ కట్టిన కంపైలర్‌తోనే దీన్నీ కట్టి బోర్డులో పెడితే, ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ఒక్క మాట అని చచ్చిపోయింది. కెర్నల్ నడుస్తోంది, అదే కంపైలర్ కట్టిన నా ప్రోగ్రాం నడవదు. ఇదేం న్యాయమని ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. కెర్నల్ మేక్‌ఫైలు ఏ తరం ప్రాసెసర్‌కి కోడు కావాలో కాన్ఫిగ్ చూసి కంపైలర్‌కి తనే చెబుతుంది, బయటి లైబ్రరీలు ఏవీ వాడదు. నా ప్రోగ్రాంకి అలా చెప్పేవాడు లేడు. ఉబుంటు ఆర్మ్ కంపైలర్ ఏమీ చెప్పకపోతే వీ7కే కడుతుంది. వీ6 అని చెప్పినా, వెంట అతుక్కునే సీ లైబ్రరీ ముక్కలు వీ7వే. డెబియన్ లైనక్స్‌లో ఆర్మ్ కోసం ఉన్న ఆర్మ్‌హెచ్‌ఎఫ్ వీ7 నుంచే మొదలవుతుంది కాబట్టే కదా ఈ బోర్డు కోసం రాస్ప్‌బియన్ అని అంతా వీ6కి మళ్లీ కట్టాల్సి వచ్చింది. రెండొందల వరసలకి ఈ గొడవెందుకని బోర్డు మీదే కంపైల్ చేశాను. నిమిషం కూడా పట్టలేదు.

మకాంలో పెట్టిన మొదటి రాత్రే ఫోను మోగింది. కాపలా అతను.

"ఆయ్, అబ్బాయిగారండీ, మీ పెట్టె కూత్తందండి. చెరువు ఎనబై అయిదు డిగ్రీలంటందండి."

బాబాయి పక్కనుంచి, "ఎనభై అయిదంటే రొయ్యలు చెరువులోనే ఇగురైపోతాయి కదరా," అన్నాడు. నవ్వొచ్చింది గానీ అది సెన్సర్ అబద్ధం కాదు. డీఎస్18బీ20 అనే ఆ సెన్సర్ కరెంటు అందగానే, ఇంకా కొలవకముందు, తనలో ఉంచుకునే అంకె 85. గట్టు పొడుగునా లాగిన వైరులో ఒక అతుకు వదులై, కరెంటు పోయి వస్తోంది. అతుకు టంకం వేసి టేపు చుడితే 29 డిగ్రీల చిల్లరకి వచ్చింది. ప్రోగ్రాంలో సరిగ్గా 85 వస్తే నమ్మొద్దని ఒక వరస కలిపాను.

త్వరగా లేవాలన్న అసలు కోరిక సంగతి. లేవడంలో ఏది ఎంత సేపు తిందో చెప్పే సిస్టమ్‌డీ ఎనలైజ్ కొట్టి చూస్తే, ఇంత కోసినా కెర్నల్ వాటాలో తగ్గింది రెండు మూడు సెకన్లు. మిగతా కాలమంతా తినేది కెర్నల్ తర్వాత లేచే సర్వీసులు. స్వాప్ ఫైలు, రోజువారీ అప్‌డేట్ల వెతుకులాట, నెట్ వచ్చేదాకా ఆగే సర్వీసు, ఇలాంటివి తీసేస్తే నిమిషం కాస్తా సగానికి పైగా తగ్గింది. దానికి పట్టింది ఒక మధ్యాహ్నం. కెర్నల్‌కి పట్టింది తొమ్మిది రోజులు. ముందు ఎనలైజ్ కొట్టి తర్వాత గొడ్డలి పట్టాల్సింది.

పంట మధ్యలో రెండుసార్లు తెల్లవారుజామున కరెంటు పోయింది, రెండుసార్లూ బాబాయి ఫోను మోగింది, జనరేటర్ పడింది. కిందటి వారం రెండో చెరువుకి కూడా కావాలని ఎవరి దగ్గరో వాడిన పై 3 బోర్డు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదీ అదే కదరా. ఆ కెర్నలేదో దీంట్లో కూడా ఎక్కించెయ్యి. అరగంట పని."

చూడ్డానికి అదే. లోపల ఉన్నది కార్టెక్స్ ఏ53, ఆర్మ్ వీ8. దానికి 64 బిట్ కట్టాలనుకుంటే కెర్నల్ సోర్సులో ఫోల్డరే వేరు, కంపైలర్ వేరు, డెఫ్‌కాన్ఫిగ్ వేరు, ఫైలు పేరు కెర్నల్8. బాబాయికి ఏమీ చెప్పలేదు. ల్యాప్‌టాప్ మూత మీది కాగితంలో ఆర్మ్ పక్కన 64 చేర్చి, పిన్నిని ఇంకో కాఫీ అడిగాను.